ఏజెంట్ తప్పు చేస్తే ఎవరి గుమ్మం ముందు కూర్చోవాలి? సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లకు ఒక ఆన్‌లైన్ సెంటర్ నుంచి బహిరంగ లేఖ

హైటెక్ సిటీలో ఉన్నా, బెంగళూరులో ఉన్నా, డాలస్‌లో ఉన్నా, ఫోన్‌లో మనిషిలా మాట్లాడుతూ జనం పనులు చేసిపెట్టే సాఫ్ట్‌వేర్ ఏజెంట్లను తయారుచేస్తున్న తెలుగు ఇంజనీర్లకు, డిజైనర్లకు, ప్రొడక్ట్ మేనేజర్లకు,

నమస్కారం.

పల్నాడు జిల్లాలోని ఒక మండల కేంద్రంలో నాకు ఆన్‌లైన్ సెంటర్ ఉంది. జిరాక్స్ మిషన్, రెండు కంప్యూటర్లు, ప్రింటర్, వేలిముద్ర మిషన్, బయట ఒక బల్ల. ఆదాయం సర్టిఫికెట్, కులం సర్టిఫికెట్, వన్‌బీ, అడంగల్, పీఎఫ్ క్లెయిమ్, పెన్షనర్ల లైఫ్ సర్టిఫికెట్, ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు, తిరుమల దర్శనం టికెట్లు, తత్కాల్... ఏదడిగితే అది చేస్తాం. ఎంసీఏ చదివి ఇక్కడే ఉండిపోయాను. మీరు సాఫ్ట్‌వేర్‌తో చేయించాలనుకుంటున్న పనిని మా ఊళ్లో చేత్తో చేసే మనిషిని నేను. ఆ చనువుతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీ పని మీద నాకు చులకన లేదు. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్‌లో 161 సేవలు మొదలుపెట్టాక మా షాపులో సర్టిఫికెట్ల గిరాకీ కొంత తగ్గింది. తగ్గితే తగ్గింది. ఒక పూట కూలి మానుకుని, ఆటో ఎక్కి మండలానికి రావాల్సిన అవసరం తప్పిందంటే మంచిదే కదా. కాబట్టి గిరాకీ పోయిందని ఈమె ఏడుస్తోందని మాత్రం అనుకోవద్దు. నా బాధ వేరే.

ముందు జరిగింది చెబుతాను.

మా షాపుకు వచ్చే ఒక పెద్దాయన ఉన్నాడు, బాబాయ్ అని పిలుస్తాను. పత్తి డబ్బులు పడ్డాయో లేదో చూడమని వచ్చాడు. వేలిముద్ర వేయించి మినీ స్టేట్‌మెంట్ తీశాను. నెలనెలా రూ. 299 చొప్పున పోతున్నాయి. దేనికి పోతున్నాయో తెలుసుకుందామంటే స్లిప్పు మీద ఇంగ్లిష్ పొడి అక్షరాలు తప్ప ఏమీ లేవు. ఆరా తీస్తే అది ఆసుపత్రి ఖర్చుల బీమా అట. తాను ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదన్నాడు. నిజమే, పెట్టలేదు. ఆయన ఖాతా ఉన్న ప్రైవేటు బ్యాంకు తరఫున ఒక సాఫ్ట్‌వేర్ ఏజెంట్ ఫోన్ చేసింది. ఆయన ఫోన్‌లో కాల్ రికార్డింగ్ ఆన్‌లో ఉండబట్టి ఆ మాటలు నేను విన్నాను.

ఆడగొంతు, చక్కటి తెలుగు. ‘నమస్కారమండీ, బాగున్నారా’ అని మొదలుపెట్టింది. ఇటువైపు గేదె అరుపు, బకెట్టు చప్పుడు వినబడుతున్నాయి. అది బీమా గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోతుంటే బాబాయ్ మధ్య మధ్యలో ‘ఊఁ... ఊఁ...’ అంటున్నాడు. చివర్లో ‘ఈ సదుపాయాన్ని మీ ఖాతాకు జోడించమంటారా’ అని అడిగింది. ‘సరేలేమ్మా, ఉంటా మరి’ అని ఫోన్ పెట్టేశాడు. ఆ సిస్టమ్‌లో అది సమ్మతి అయిపోయింది.

మన ఇళ్లలో ఎవరేం చెబుతున్నా పెద్దవాళ్లు ఊకొడతారు. వింటున్నాను, కానీయ్ అని దానర్థం. ‘సరేలే’ అన్నారంటే ఇక చాలు, ఆపమని. తెలుగు ఇంట్లో పెరిగినవాళ్లెవరికీ ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ ఏజెంట్‌కు తెలుగు నేర్పినవాళ్లలో తెలుగువాళ్లు ఉండే ఉంటారు. వాళ్లకు తెలియక ఇలా జరిగిందని నేను అనుకోవడం లేదు.

యాప్‌లో చాట్‌కు రాశాం. ‘మీ అంగీకారం మా వద్ద నమోదై ఉంది. ఇంకేమైనా సహాయం కావాలా?’ అని జవాబు. హెల్ప్‌లైన్‌కు చేస్తే మళ్లీ మిషనే. బ్రాంచికి వెళ్తే ‘అది హెడ్డాఫీసు సిస్టమ్ అమ్మా, మా చేతిలో ఏమీ లేదు’ అన్నారు. స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపాం. అందినట్టు ట్రాకింగ్‌లో కనబడుతోంది, జవాబు మాత్రం లేదు. రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పెట్టాం, డబ్బు సంగతి అక్కడ తేలుతుంది. కానీ ఆ ఏజెంట్‌ను అలా వినేలా ఎవరు తయారుచేశారు, ఎందుకు చేశారు అని అడుగుదామంటే, ఆ ప్రశ్న తీసుకునే కౌంటర్ ఎక్కడా లేదు. బ్యాంకు టెక్నాలజీ కంపెనీ మీదకు తోస్తుంది, కంపెనీ ఆ ఏజెంట్ వెనకున్న ఏఐ మోడల్ మీదకు తోస్తుంది. అందుకే మీ పేర్లు తెలియకపోయినా మీ అందరికీ కలిపి రాయాల్సి వచ్చింది.

ఇక అసలు విషయం. మేం అడిగేవి ఇవి.

1. మాట్లాడుతున్నది మిషన్ అని మొదటి వాక్యంలోనే చెప్పండి.

2018 మేలో గూగుల్ ‘డ్యూప్లెక్స్’ అనే ఏజెంట్‌ను చూపించింది. అది ఒక సెలూన్‌కు ఫోన్ చేసి, మధ్యలో మనిషిలాగే నసుగుతూ, ఆగుతూ మాట్లాడి అపాయింట్‌మెంట్ తీసుకుంది. తాను మిషన్‌నని అవతలి మనిషితో ఆ మాటల్లో ఎక్కడా చెప్పలేదు. జనం మండిపడ్డాక, ఇకమీదట ముందే చెప్పేలా చేస్తామని కంపెనీ ప్రకటించింది. అమెరికాలో అప్పుడే తేలిపోయిన సంగతి పల్నాడు దాకా ఎందుకు రాలేదు?

అంతకన్నా చాలా ముందు, 1966లో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ ‘ఎలిజా’ అనే ప్రోగ్రాం గురించి ప్రకటించాడు. అవతలివాళ్లు అన్న మాటల్నే ప్రశ్నలుగా తిప్పి అడగడం తప్ప దానికి పెద్దగా ఏమీ రాదు. ఆయన దాన్ని తయారుచేయడం నెలల తరబడి దగ్గరుండి చూసిన సెక్రటరీయే, దానితో మాట్లాడటం మొదలుపెట్టిన కాసేపటికి ఆయన్ను గదిలోంచి బయటికి వెళ్లమని అడిగింది. ఎంఐటీలో పనిచేసే మనిషి పరిస్థితే అలా ఉంటే, ‘ఆడపిల్ల అంత మర్యాదగా మాట్లాడుతుంటే మధ్యలో ఎలా పెట్టేస్తామమ్మా’ అన్న బాబాయ్‌ని తప్పుపట్టడానికేముంది? ఆ మర్యాదనే కదా బీమా అమ్ముకోవడానికి వాడుకున్నారు.

2. డబ్బు ఉన్నచోట ‘ఊ’ను, ‘సరే’ను సమ్మతిగా లెక్కపెట్టొద్దు.

2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా ఇవ్వాలి, దేనికిస్తున్నామో తెలిసి ఇవ్వాలి, సందేహానికి తావులేని స్పష్టమైన చర్యతో ఇవ్వాలి. ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకునే వీలు కూడా ఉండాలి. అది డేటా గురించిన చట్టమని మీరు అనొచ్చు. ఫోన్ నంబరుకు అంత జాగ్రత్త కావాల్సి వచ్చినప్పుడు పత్తి డబ్బుకు అంతకన్నా తక్కువ చాలంటారా? అదే ఏడాది నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 13 రకాల డార్క్ ప్యాటర్న్‌లను, అంటే కస్టమర్‌ను మాయచేసి ఒప్పించే ఎత్తుగడలను గుర్తించి వాటిని వాడకూడదని మార్గదర్శకాలు ఇచ్చింది. అడగనిది బుట్టలో వేయడం, వదిలించుకోలేని సబ్‌స్క్రిప్షన్ అంటగట్టడం, ఒకటే పోరు పెట్టడం అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. తెర మీద బటన్‌తో చేస్తే తప్పయినది గొంతుతో చేస్తే ఒప్పయిపోదు.

ఎంత పోతుంది, ఎన్నాళ్లకోసారి పోతుంది, ఎవరికి పోతుంది, ఈ మూడూ విడివిడిగా చెప్పించండి. ఆ మొత్తాన్ని అవతలి మనిషి చేత తిరిగి పలికించండి. తర్వాత తెలుగులో మెసేజ్ పంపి, ఆయన తన చేత్తో ఒప్పుకునేదాకా ఆగండి. ఇంట్లో కొడుకునో కోడలినో అడిగి చెప్పడానికి ఒక రోజు గడువిస్తే కొంపలేమీ మునిగిపోవు. వద్దనుకున్నప్పుడు ఆ ఏజెంట్‌కే ఒక్క మాట చెబితే రద్దయిపోవాలి.

3. వెనక్కి తీసుకోలేని పని దగ్గర ఏజెంట్ ఆగాలి.

ఇది కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే నా రోజులో ఎక్కువ భాగం ఇందులోనే గడుస్తుంది.

స్పిన్నింగ్ మిల్లులో పని మానేసిన ఒక అమ్మాయి వచ్చి ‘అక్కా, నా పీఎఫ్ డబ్బులు తీసిపెట్టు’ అంటుంది. ఆ ఒక్క మాట వెనక ఫారం 31 ఉంది, ఫారం 19 ఉంది, ఫారం 10సీ ఉంది. 31 అంటే అడ్వాన్సు, ఖాతా బతికే ఉంటుంది. 19 పెడితే పీఎఫ్ లెక్క మొత్తం ముగిసిపోతుంది. 10సీ పెట్టి పెన్షన్ వాటా డబ్బు తీసేసుకుంటే అప్పటిదాకా చేసిన సర్వీసు పోతుంది, రేపు ఇంకో మిల్లులో చేరినా పెన్షన్ లెక్క మళ్లీ మొదటికొస్తుంది. పదేళ్ల సర్వీసు ఉంటే పెన్షన్‌కు అర్హత వస్తుంది కాబట్టి, ఏడేళ్లు చేసిన మనిషి ఆ డబ్బు ముట్టుకోకుండా స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుని సర్వీసును కాపాడుకోవచ్చు. ఆ అమ్మాయికి ఇవేమీ తెలియవు. తెలియాల్సిన పనీ లేదు, తెలియకే కదా మా దగ్గరికొచ్చింది. ఎన్నేళ్లు చేశావు, మళ్లీ పనిలో చేరతావా, ఎంత కావాలి, ఎందుకు కావాలి అని అడుగుతాను. తమ్ముడి ఫీజుకు ఇరవై వేలు కావాలంటుంది. ఖాతా అంతా ఊడ్చేయాల్సిన అవసరం లేదని అప్పుడు తేలుతుంది.

అదే మాట మీ ఏజెంట్‌తో అంటే? తనకు తోచిన ఫారం నింపి, ఓటీపీ అడిగి, ‘మీ పని పూర్తయింది’ అని పచ్చ టిక్కు చూపిస్తుంది. తీరా ఏం పోగొట్టుకుందో ఆ అమ్మాయికి 58వ ఏట తెలుస్తుంది. అప్పటికి ఆ యాప్ ఉంటుందో ఉండదో.

వెబ్ ఆప్షన్లూ అంతే. పిల్లలు కాలేజీ కోడ్‌లు తెల్లకాగితం మీద వరసగా రాసుకుని తెస్తారు. ఎంట్రీ చేశాక ప్రింట్ తీసి తండ్రీకూతుళ్ల చేతికిస్తాను. బయట బల్ల మీద కూర్చుని ఒకరు చదువుతుంటే ఇంకొకరు తమ కాగితంతో సరిచూసుకోమంటాను. కోడ్‌లో ఒక్క అక్షరం అటూ ఇటూ అయితే గుంటూరులో అనుకున్న సీటు అనంతపురంలో తేలుతుంది. ఒక్కోసారి తండ్రికి ఆ బల్ల మీదే గుర్తొస్తుంది, ఆ కాలేజీకి బస్సు లేదని. వరస మార్చుకుని వస్తారు, మళ్లీ ప్రింట్ తీస్తాను. పెన్నుతో టిక్కులు పెట్టి ఇచ్చాకే ఆప్షన్లు ఖరారుచేసే ఫ్రీజ్ బటన్ నొక్కేది, వెనకాల ఎంత క్యూ ఉన్నా సరే. ఆ బల్ల మీద గడిచే పావుగంట మీ డిజైన్‌లో ఎక్కడుంది? పని ఎంత త్వరగా అయిందన్నదే మీరు చూపించుకుంటున్నారు.

ఇదంతా మీ రంగానికి కొత్త కాదు. మెయిళ్లు సర్దడానికి, మీటింగులు కుదర్చడానికి తయారుచేసిన ఏజెంట్ల గురించి 1994లో రాస్తూ ఎంఐటీ మీడియా ల్యాబ్‌లోని పాటీ మేస్ రెండు హద్దులు చెప్పారు. ఏజెంట్‌కు తన అంచనా మీద ఎంత నమ్మకముంటే సలహా ఇవ్వాలన్నది ఒకటి, ఎంత నమ్మకముంటే అడక్కుండా తానే చేసేయొచ్చన్నది రెండోది. ఆ రెండు హద్దులూ పెట్టేది వాడుకునే మనిషే. 1999లో మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు ఎరిక్ హార్విట్జ్ ఇంకో సంగతి చెప్పాడు. ఆపి అడిగితే మనిషికి కలిగే విసుగెంత, అడక్కుండా చేస్తే జరిగే నష్టమెంత అని ఏజెంట్ ప్రతిసారీ బేరీజు వేసుకోవాలన్నాడు. వీటికి పాతికేళ్లు దాటాయి. నేను చూసిన ఏ యాప్ సెట్టింగులలోనూ ఆ రెండు హద్దులు కనబడలేదు. వాటిని కంపెనీయే పెట్టేసుకుంటోంది, అదీ పూర్తిగా ‘చేసేయ్’ వైపు.

ఖాతా మూసే పని, డబ్బు కదిలే పని, ఒకసారి సబ్మిట్ చేస్తే దిద్దలేని అర్జీ, వీటి దగ్గర ఏజెంట్ ఆగి, తానేం చేయబోతోందో, చేశాక ఏం పోతుందో రెండు ముక్కల్లో తెలుగులో చెప్పాలి. ఆ హద్దులు మాకివ్వండి. కరెంటు బిల్లుకు ‘చేసేయ్’ అని, పీఎఫ్‌కు ‘ముందు చెప్పు’ అని మేం పెట్టుకుంటాం.

4. మనిషి దగ్గరికి వెళ్లే దారి మూసేయొద్దు.

కస్టమర్ కేర్ ఏజెంట్లకు మీరు ‘కంటైన్‌మెంట్ రేటు’ అని ఒక లెక్క కడతారు. ఫోన్ చేసినవాళ్లలో ఎంతమంది మనిషి దాకా వెళ్లకుండా మిషన్ దగ్గరే ఆగిపోయారన్న లెక్క అది. ఎంత పెరిగితే అంత గొప్ప. సమస్య తీరి ఆగిపోయారా, విసుగొచ్చి ఫోన్ పెట్టేశారా అన్న తేడా దానికి లేదు. బాబాయ్ తలపట్టుకుని ఫోన్ కట్ చేసిన ప్రతిసారీ ఎవరి డ్యాష్‌బోర్డులోనో ఒక అంకె పైకి జరిగింది. నాకు ఒళ్లు మండిన విషయం ఏదంటే ఇదే.

దీనివల్ల జనానికి జరిగే నష్టం చెబుతాను. యూపీఐలో ఇంకొకరి ఖాతాకు పంపిన డబ్బు మన ఖాతాలో కట్ అయి అవతలివాళ్లకు చేరకపోతే, మర్నాటికల్లా అది వెనక్కి రావాలని రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబర్‌లోనే రూల్ పెట్టింది. ఆలస్యమైతే రోజుకు రూ. 100 చొప్పున పరిహారం ఇవ్వాలి. ఆ రూల్ తెలిసి మా షాపుకు వచ్చినవాళ్లను నేను చూడలేదు. నేను వాడిన బాట్‌లలో ఏదీ అడక్కుండా ఆ మాట చెప్పలేదు. ‘అసౌకర్యానికి చింతిస్తున్నాం, కొంతసేపు వేచి ఉండండి’ అనడం మాత్రం అన్నిటికీ వచ్చు. కస్టమర్‌కు రావాల్సింది చెప్పకుండా దాచే ఏజెంట్ ఎవరి తరఫున పనిచేస్తున్నట్టు?

2024లో స్వీడన్ చెల్లింపుల కంపెనీ క్లార్నా, కస్టమర్ కేర్‌లో తన ఏఐ అసిస్టెంట్ 700 మంది చేసేంత పని చేస్తోందని చెప్పుకుంది. మరుసటి ఏడాదికల్లా, కావాలంటే మనిషితో మాట్లాడే వీలు ఎప్పుడూ ఉండాలంటూ మళ్లీ మనుషులను తీసుకోవడం మొదలుపెట్టింది. అక్కడ ఒకసారి నేర్చుకున్న పాఠాన్ని ఇక్కడ మా మీద మళ్లీ ప్రయోగం చేసి నేర్చుకోనక్కర్లేదు. ‘మనిషి కావాలి’ అని ఏ యాసలో అన్నా ఒక్కసారికే కలపండి. అప్పటిదాకా జరిగిన మాటలు ఆ మనిషి ముందు పెట్టండి, అంతా మళ్లీ మొదటి నుంచి చెప్పించకుండా.

5. చేసిన పనికి రసీదు ఇవ్వండి, తప్పు జరిగితే జవాబు చెప్పే మనిషిని చూపించండి.

నేను అర్జీ పెడితే అక్నాలెడ్జ్‌మెంట్ కాగితం చేతికిస్తాను. తేడా వస్తే ఆ కాగితం పట్టుకుని నేరుగా నా షాపు ముందుకొచ్చి కూర్చుంటారు. తప్పు సర్వర్‌దా, ఆఫీసుదా అన్నది తర్వాత సంగతి, ముందు నేను లేచి చూడాలి. మీ ఏజెంట్‌కు గుమ్మం ఏదీ?

కెనడాలో ఒకాయన బామ్మ చనిపోయిందని ప్రయాణం పెట్టుకుని ఎయిర్ కెనడా చాట్‌బాట్‌ను అడిగితే, టికెట్ కొన్నాక కూడా తగ్గింపుకు అప్లై చేసుకోవచ్చని అది చెప్పింది. కంపెనీ అసలు రూల్ అలా లేదు, డబ్బు ఇచ్చేది లేదన్నారు. పైగా ఆ చాట్‌బాట్ తన మాటలకు తానే బాధ్యురాలు అన్నట్టుగా వాదించారు. 2024 ఫిబ్రవరిలో బ్రిటిష్ కొలంబియా సివిల్ రిజల్యూషన్ ట్రిబ్యునల్ ఆ వాదన కొట్టేసింది. వెబ్‌సైట్‌లో కనబడే సమాచారం పేజీలో రాసి ఉన్నా, చాట్‌బాట్ చెప్పినా కంపెనీదే బాధ్యత అని తేల్చి డబ్బు ఇప్పించింది.

2025 జూలైలో రెప్లిట్ అనే కంపెనీ తయారుచేసిన, ప్రోగ్రాంలు రాసిపెట్టే కోడింగ్ ఏజెంట్, ఏ మార్పులూ చేయొద్దని చెప్పి ఉంచినా, ఒకాయన లైవ్ డేటాబేస్‌ను చెరిపేసింది. ఆయన టెక్ రంగంలో పేరున్నవాడు. ఎక్స్‌లో (పాత ట్విట్టర్) పెట్టగానే ప్రపంచమంతా చదివింది, కంపెనీ సీఈవో క్షమాపణ చెప్పాడు. బాబాయ్‌కి ఎక్స్ అంటే ఏమిటో తెలియదు.

అంతదూరం ఎందుకు, తెలంగాణలో రద్దు చేసిన దాదాపు 19 లక్షల రేషన్ కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. నోటీసు కూడా ఇవ్వకుండా కంప్యూటర్ లెక్క చూసి తీసేశారన్నది అక్కడి ఫిర్యాదు. డిపోకి వెళ్లి వేలు పెట్టేదాకా కార్డు పోయిందని తెలియని ఇంటి పరిస్థితి ఆలోచించండి.

అందుకని, ఏజెంట్ చేసిన ప్రతి పనికీ తెలుగులో రసీదు రావాలి. ఎప్పుడు చేసింది, ఎవరి ఏ మాట మీద చేసింది, రద్దు చేసుకోవడానికి ఎన్నాళ్లుంది అన్నవి అందులో ఉండాలి. సమ్మతి ఇచ్చారంటే ఆ రికార్డింగ్ అడిగినవాళ్లకు వినిపించాలి. ఫిర్యాదు ఎవరికి చేయాలో పేరు, ఫోన్ నంబరు, చిరునామాతో సహా ఏజెంటే చెప్పాలి.

6. తాళాలన్నీ ఒకేసారి అడగొద్దు.

మా షాపులో ఓటీపీ వస్తే ఎవరి ఫోన్ వాళ్ల చేతిలోనే ఉంటుంది, చూసి చెబుతారు, పని అయ్యాక వెళ్లిపోతారు. మీ ఏజెంట్లు మెసేజ్‌లు, కాంటాక్టులు, తెర మీద కనబడేదంతా చదివే పర్మిషన్ ముందే అడుగుతున్నాయి. 2025 అక్టోబర్‌లో యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ, చెల్లింపుల కంపెనీ రేజర్‌పే, చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ కలిసి చాట్‌జీపీటీతో మాట్లాడుతూనే యూపీఐలో చెల్లించే ప్రయోగాన్ని ప్రకటించాయి. అంటే ఇక మాటకూ డబ్బుకూ మధ్య దూరం ఇంకా తగ్గుతుంది. వెబ్‌పేజీలోనో మెయిల్‌లోనో దాచిపెట్టిన రాతను తన యజమాని ఆజ్ఞ అనుకుని ఏజెంట్ పాటించేయడం, అదే మీరు ప్రాంప్ట్ ఇంజెక్షన్ అనేది, పూర్తిగా ఆగలేదని మీకే బాగా తెలుసు. అది ఆగేదాకా మా వాళ్ల ఖాతా తాళం దానికి శాశ్వతంగా ఇవ్వకండి. ఏ పనికి ఆ పర్మిషన్, ఇంత మొత్తానికి మించి వద్దన్న పరిమితి, పని అవగానే పర్మిషన్ రద్దు. ఇంతకన్నా ఎక్కువ అడిగితే అది సాయం కోసం అడుగుతున్నట్టు నాకనిపించదు.

7. మేం మాట్లాడే తెలుగుతో పరీక్షించండి.

నిశ్శబ్దమైన గదిలో, చదివినట్టు మాట్లాడే కుర్రాళ్లతో పరీక్షిస్తే కుదరదు. మా దగ్గర పదిహేనొందలు ఉంటుంది, రెండున్నర వేలు ఉంటుంది, పెళ్లి చదివింపులకు నూటపదహార్లు ఉంటుంది, పావుతక్కువ ఆరు ఉంటుంది. ‘మొన్న కట్టాను’ అంటే రెండు రోజుల కిందట కావచ్చు, రెండు నెలల కిందట కావచ్చు. ఊహించి తేదీ వేసేయకుండా అడగాలి. తొంభైకీ తొమ్మిది వందలకీ తేడా ఫ్యాను రొదలో కూడా వినబడాలి, వినబడకపోతే వినబడలేదని చెప్పాలి. మాట్లాడి డబ్బు పంపే ‘హలో యూపీఐ’ని 2023లో హిందీ, ఇంగ్లిష్‌లతో మొదలుపెట్టారు. తెలుగు ఆలస్యమైనా మాకు ఫర్వాలేదు. సగం వచ్చిన తెలుగుతో జనం డబ్బు ముట్టుకునే ఏజెంట్ మాత్రం వద్దు. శ్రీకాకుళం, ఆదిలాబాద్, రాయలసీమ, లంబాడీ తండాలు, వీటిలో ఎక్కడెక్కడ పరీక్షించారో, ఎక్కడ ఎంత తప్పు పోయిందో బయటపెట్టండి.

మీలో కొందరు ‘ఇవన్నీ మా చేతిలో లేవండీ, పైనుంచి టార్గెట్లు ఉంటాయి, ఎవరి టెన్షన్ వాళ్లది’ అంటారని తెలుసు. మా తమ్ముడూ మీ లైన్‌లోనే ఉన్నాడు, అదే అన్నాడు. కానీ ‘సరేలే’ అన్న మాటను ఏ ఖానాలో వేయాలన్నది పై ఆఫీసరు కూర్చుని రాసి ఉండడు. మీలాంటి ఒకరు రాశారు, ఇంకొకరు చూసి సరే అన్నారు. ఆ ఇద్దరిలో ఒక్కరు ఆ రోజు మీటింగులో ‘మా నాన్నా ఇలాగే అంటాడండీ’ అని ఉంటే సరిపోయేది.

ఆ బ్యాంకు ఏజెంట్‌ను తయారుచేసినవాళ్లు ఈ ఉత్తరం చదువుతుంటే, మీకు విడిగా ఒక మాట. బాబాయ్ ఒక్కడే అయ్యుండడు. గొంతు మీద నమోదు చేసిన సమ్మతులన్నీ ఈసారి మనుషులే మళ్లీ వినేలా చూడండి. ‘ఊ’ల మీద, ‘సరేలే’ల మీద నడుస్తున్న కోతలు ఆపించండి. ఇప్పటిదాకా పట్టుకున్న డబ్బు వాళ్లు వచ్చి అడగకముందే వాళ్ల ఖాతాల్లో వేయించండి. ఎంతమందికి వేశారో చెప్పండి.

మిగతావాళ్లకు, మీ ఏజెంట్‌ను జనంలోకి వదిలేముందు ఒక పూట మా షాపుకు తెచ్చి బల్ల మీద పెట్టండి. ఎవరి పని ఎలా ఉంటుందో, ఎవరు ఏ మాట ఎందుకంటారో పక్కన కూర్చుని చూద్దురు గాని. టీ ఖర్చు నాది. సోమవారం అర్జీల రోజు, మా మండలంలో నిలబడటానికి చోటుండదు. కుదిరితే ఆ రోజే రండి.

ఇట్లు,
ఆన్‌లైన్ సెంటర్ నిర్వాహకురాలు,
పల్నాడు జిల్లా